ఎర్రతాడు

తిరుత్తణి కొండ కింద పూలకొట్లో మునిలక్ష్మి ఫోనెత్తింది. వీడియోలో మొగుడు గుణశేఖర్. కాట్టుపల్లిలో తాను పనిచేసే ఓడల కంపెనీ పని మీద ఇటలీకి పోయినాడు. ఆదివారమని సరస్సు ఒడ్డున బార్దొలీనో అనే ఊరు చూడబోయినాడు.

"ఊరి చుట్టూ ద్రాక్షతోటలే మునీ. ఇంటింటా వైనే!"

ఆమె సరస్సును చూడలేదు, మొగుడి కుడిచెయ్యి చూసింది. తాగుడు మానతానని కొండ మీద మురుగన్ సామి ముందర కట్టించుకున్న ఎర్రతాడు లేదు.

"మామా, తాడు యాడ?"

"అది... ఇచ్చేసినా."

"తాగినావు."

"సత్తెంగా లేదుమే."

"తాడు తీసేసి, వైను ఊర్లో నిలబడి, లేదంటావా?" కడతా ఉండిన మల్లెమూర ఆమె చేతిలో పుటుక్కున తెగింది.

గుణశేఖర్ ఫోను తిప్పినాడు. వైను అంగడి మెట్ల మీద ఒక తెల్ల ముసలామె, పక్కన కొడుకు. అతని చేతులు వణకతా ఉండాయి. మణికట్టుకు ఎర్రతాడు.

"అంగడి ఆమెదే. తాడు దేనికని అడిగితే, తాగుడు మానేదానికని సైగలతో చెప్పినా. అంతే, కొడుక్కని ఇచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు."

మునిలక్ష్మి తెగిన మూరను ముడేసింది.

"సాయంత్రం కొండెక్కి అర్చన చేపిస్తా. ఆమె కొడుకు పేరూ నక్షత్రమూ అడుగు."