కడిగిన తొట్టి

“నా తొట్టిని ఎవరు కడిగిండ్రు?”

పూజిత భుజానికున్న బ్యాగు దించకుండానే అడిగింది. మన్నెగూడలో బడి వదిలాక బస్సులో నిలబడి ఇబ్రహీంపట్నం వచ్చి, ఇంట్లో అడుగు పెట్టగానే ఆమె చూపు పడింది ముందుగదిలోని గాజు తొట్టి మీదే. అది తళతళలాడుతున్నది.

“నేనే,” అన్నది అత్త సత్తమ్మ. కోడలు మెచ్చుకుంటుందని మధ్యాహ్నం నుంచి ఎదురుచూస్తున్నది. “ఎంత పాచి పట్టిందో. లోపలి స్పాంజి అయితే బురదముద్ద. సబ్బుపొడి పెట్టి పిండి పిండి కడిగిన. రెక్కలు పడిపోయినయి.”

పూజిత వంగి తొట్టిలోకి చూసింది. అందులో చేపలు లేవు. కడగకముందు కూడా లేవు. నీళ్లు, అడుగున గులకరాళ్లు, బుడగలు వదిలే గొట్టానికి తగిలించిన స్పాంజి, అంతే.

“మంచిది అత్తమ్మా,” అని లోపలికి పోయింది. తలుపు కూడా గట్టిగా వేయలేదు. సత్తమ్మకు దానికే ఎక్కువ భయమేసింది.

కొడుకు రాకేశ్ వచ్చి, చాయ్ తాగుతూ సంగతి చెప్పాడు.

“అందుల పురుగులను పెంచుతున్నదమ్మా.”

“పురుగులనా?”

“మంచివే. బ్యాక్టీరియా అంటరు. కంటికి కనిపియ్యవు. ఆ స్పాంజిలనే కాపురముంటయి. చేపల ఉచ్చ నీళ్లల్ల విషమైతది, ఆ విషాన్ని ఇవి తింటయి. ఇవి లేకుంటే చేపలు వాటి ఉచ్చతోనే చస్తయి. పోయినసారి గట్లనే చచ్చినయి కద.”

“అందుకేనా రోజూ ఉత్త నీళ్లకు మేత వేస్తది?”

“అవ్. ఆ మేత మురిగితేనే వీటికి తిండి.”

రోజూ పొద్దున కోడలు ఖాళీ తొట్టిలో చిటికెడు మేత చల్లి, వంగి చూస్తూ నిలబడుతుంటే, పిల్లకు మనసు బాగలేదేమోనని సత్తమ్మ లోలోపలే కుమిలిపోతున్నది. ఆ మాట ఇప్పుడు బయటపెట్టదలచుకోలేదు.

“అయితే నేను...”

“అందరినీ కడిగేసినవ్.”

“మళ్ల ఎప్పటికి పుడతయి?”

“నెల దాటుతది. ఎవరిదన్న పాత తొట్టిల బాగ మురికిపట్టిన స్పాంజి దొరికితే నాలుగు రోజులల్ల పని అయితది. గది మనకు ఎవరిస్తరు?”

మర్నాడు పూజిత ఏమీ జరగనట్టే కొత్త నీళ్లలో మేత చల్లింది. “చాయ్ చల్లారిపోతది, తాగండి అత్తమ్మా,” అన్నది. ఇన్నేళ్లలో సత్తమ్మ శుభ్రానికి వంక పెట్టినవాళ్లు లేరు. కోడలూ పెట్టలేదు. ఆ మర్యాదే ఆమెకు గొంతు దిగలేదు. కోడలు బస్సెక్కగానే స్పాంజిని తొట్టిలోంచి తీసి, స్టీలు గిన్నెలో వేసుకొని పక్కింటికి పోయింది.

పక్కింటి రూత్ వాళ్ల తొట్టి చాలా పాతది. ఎర్ర చేపలు నున్నగా బలిసి తిరుగుతున్నాయి.

“రూతూ, మీ స్పాంజి ఎప్పుడన్న కడిగినవా?”

“యాడక్కా. చెయ్యి పెట్టబుద్ధి కాదు. చూడు ఎంత గలీజుగున్నదో.”

“గిది మాది. మంచిగ కడిగి తెచ్చిన, నువ్వు పెట్టుకో. మీ గలీజుది నాకియ్యి.”

“నీకెందుకు?”

“మా కోడలికి గసువంటిదే కావాలంట.”

“గలీజు కావాల్నా?”

“సదువుకున్నది కద,” అన్నది సత్తమ్మ.

రూత్‌కు అది సబబుగానే తోచింది. సంతోషంగా మార్చుకున్నది. తన తొట్టి ఒక్కసారిగా కళకళలాడిందని సత్తమ్మకు చాయ్ కూడా పోసింది.

సాయంత్రం పూజిత తొట్టి ముందు ఆగిపోయింది. “ఈ స్పాంజి ఎక్కడిది?”

“రూత్ ఇచ్చింది.”

“మీరు పోయి అడిగిండ్రా?”

“అడిగిన. తప్పేమున్నది.”

“ఆమెకు ఇంకోటి ఉన్నదా మరి?”

“ఉన్నది,” అన్నది సత్తమ్మ. అబద్ధం కాదు.

పూజిత అత్త పక్కనే కుర్చీ లాక్కొని కూర్చున్నది. బడిలో పిల్లలు చేసిన అల్లరి గురించి చాలాసేపు చెప్పింది. సత్తమ్మకు సగం అర్థం కాలేదు గానీ, మధ్యలో లేవలేదు.

ఆ వారం చివర్లో పూజిత తొట్టి నీళ్లు చిన్న సీసాలో పట్టి, రెండు చుక్కల మందు వేసింది. ఆకుపచ్చగా మారితే నీళ్లలో విషమున్నట్టు, పసుపుగా ఉంటే లేనట్టు. అత్తాకోడళ్లిద్దరూ సీసాను కిటికీ వెలుగులో పెట్టి చూశారు. పసుపుగానే ఉన్నది. మేత వేసి, మర్నాడు మళ్లీ చూశారు. పసుపే.

“పని అయింది అత్తమ్మా. ఆదివారం మన్నెగూడ దుకాణానికి మీరు కూడ రావాలె. చేపలను మీరే ఏరాలె.”

“నాకేం తెలుస్తది బిడ్డా,” అన్నది సత్తమ్మ. ఆదివారం మాత్రం పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టింది.

రాకేశ్ బండి తీశాడు. పూజిత తాళం వేస్తుండగా రూత్ గేటు తోసుకొని వచ్చింది. చేతిలో మూత పెట్టిన బకెట్.

“మంచిగ దొరికిండ్రు,” అన్నది. “మా తొట్టికేమైందో సత్తమ్మక్కా, నువ్వు గంత శుభ్రంగ కడిగిన స్పాంజి పెట్టినా చేపలు ఒక్కొక్కటే సచ్చి తేలబట్టినయి. మిగిలినవాటిని తెచ్చిన, మీ తొట్టిల జర పెట్టుకోరాదా.”