సింగిల్ టేక్ గారు

“కట్! ఇంకొక్కసారి చేద్దాం సార్” అన్నాడు కుర్ర డైరెక్టరు.

మెట్ల మీద నల్లకోటు వేసుకుని నిలబడ్డ ఇంటాయన అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. “ఇంకొక్కసారా? పొద్దున్నించీ ఇదే పాట! ఎన్నిసార్లు ఎక్కి దిగమంటావయ్యా? నా మోకాళ్ళేమన్నా అద్దెకు తెచ్చినవనుకున్నావా?”

ఆ బంగళా ఆయనదే. సినిమావాళ్ళు వచ్చి నోరు తెరిచి అడిగితే చాలు, పైసా పుచ్చుకోకుండా తాళాలిచ్చేస్తాడు. ఒక్కటే షరతు, సినిమాలో తనకో డైలాగుండాలి. ఈసారి లాయరు వేషం. మెట్లు దిగుతూ “ఆగండి! వీలునామా మారింది” అనాలి. అంతే.

“డైలాగు బాగానే చెబుతున్నారు సార్. కానీ చెప్పేముందు కెమెరా వంక చూస్తున్నారు.”

“చూస్తే? అది నన్ను చూస్తుంటే నేను దాన్ని చూడొద్దా?”

లైట్ల దగ్గరున్నవాళ్ళు మొహాలు పక్కకు తిప్పుకున్నారు. హాల్లో మానిటరు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్న ఆయన భార్య మాత్రం ఏమీ దాచుకోలేదు. పైకే నవ్వేసింది. ప్రతి సినిమాకీ చుట్టపక్కాలందర్నీ వెంటేసుకుని మొదటాటకు వెళ్ళడం, మొగుడు తెర మీద ఎక్కడా కనపడక తలొంచుకుని ఇంటికి రావడం ఆవిడకు మామూలైపోయింది. తన నటన కళ్ళారా చూడమని ఆయనే ఇవాళ పట్టుబట్టి కూర్చోబెట్టాడు. తీరా చూస్తే, పెళ్ళాం ఎదుటే ఈ పరువుతక్కువ!

“రీలు రోజుల్లో నన్నేమనేవాళ్ళో తెలుసా అబ్బాయ్? సింగిల్ టేక్ గారు! దిగాను, అన్నాను, ఓకే అన్నారు. రెండోసారి చెయ్యమన్న పాపాన ఎవడూ పోలేదు. అప్పుడు రీలంటే భయం, భక్తీ ఉండేవి. కాస్త వృథా అయితే ప్రాణం ఉసూరుమనేది. మీకేం? రీలుకు బదులు మెమరీ చిప్పాయె! తియ్యడం, చెరపడం, మళ్ళీ తియ్యడం. పలక మీద ఓనమాలు దిద్దుకున్నట్టు! దాని పేరు సినిమానా?”

“మరి ఆ సింగిల్ టేకులన్నీ ఏ గంగలో కలిశాయో!” అంది భార్య.

“ఎడిటర్లు కోసేశారే! నిడివి ఎక్కువైందంటూ ప్రతివాడూ నా పీకే కోశాడు. ఒట్టి కుళ్ళు!”

“ఆడలేక మద్దెల ఓడన్నాట్ట వెనకటికెవడో.”

ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఆ ఉక్రోషమంతా డైరెక్టరు మీదికి మళ్ళింది. “విన్నావా? నీవల్ల ఇంట్లోవాళ్ళకీ లోకువయ్యాను!”

“వదిలేయడం నాకు చిటికెలో పని సార్” అన్నాడు డైరెక్టరు, ఓపిగ్గానే. “కానీ ఈ షాటు సినిమాలో ఉండాలి. కథ మలుపు తిరిగేదే ఇక్కడ. తెర మీద మిమ్మల్ని చూసి ఎవరూ నవ్వకూడదు. అందుకే ఇన్నిసార్లు అడుగుతున్నాను.”

“గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించడమంటే ఇదే! నిన్నగాక మొన్న పుట్టి నాకు నేర్పుతావా? ఇల్లు నాది, మెట్లు నావి. సర్దుకోండి సామాన్లు! నడవండి బయటికి!” అంటూ కోటు గుండీలు విప్పసాగాడు.

డైరెక్టరు మొహం పాలిపోయింది. సగం సినిమా ఈ ఇంట్లోనే తీశారు. మిగతా సగం తియ్యాలన్నా ఈ ఇల్లే కావాలి.

అప్పుడు లేచాడు కెమెరామన్. తల నెరిసిన మనిషి, రీలు కాలం నుంచీ ఈ ఇంట్లో షూటింగులకు వస్తున్నవాడు. డైరెక్టరు చెవిలో ఏదో ఊదాడు. డైరెక్టరు “ఛ, వద్దండీ, బావుండదు” అన్నాడు. కెమెరామన్ అతని భుజం తట్టి మెట్ల దగ్గరికొచ్చాడు.

“బాబుగారూ, అబ్బాయికి మీ సంగతేం తెలుసు? నేను లేనూ? పాత పద్ధతిలోనే తీసేద్దాం. ఒక్కటే టేకు.”

“అదీ! నువ్వయ్యా మనిషివంటే!” ఇంటాయన గుండీలు పెట్టుకుని గబగబా పైకెళ్ళాడు. మోకాళ్ళ మాటే మరిచిపోయాడు.

“యాక్షన్!”

దిగాడు. కెమెరా వంక ఇంతకుముందుకంటే ఎక్కువే చూశాడు. ఇల్లు అదిరేలా అన్నాడు. “ఆగండి! వీలునామా మారింది!”

“ఓకే! బ్రహ్మాండం బాబుగారూ!” కెమెరామన్ చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు.

“చూశావుటే?” ఛాతీ విరుచుకుని భార్య దగ్గరికొచ్చాడాయన. “తీసేవాడికి చేతనైతే ఒక్క టేకే!”

ఆవిడ మొహం కూడా విచ్చుకుంది. “ఏదీ బాబూ, ఇప్పుడు చేసింది ఓసారి వెయ్యి, చూద్దాం” అని డైరెక్టర్ని అడిగింది.

డైరెక్టరు కెమెరామన్ వంక చూశాడు. ఆవిడ మళ్ళీ అడిగింది. అతను మీట నొక్కాడు. పొద్దున్నించీ తీసినవన్నీ వరసగా వచ్చాయి. దిగుతున్నాడు, చూస్తున్నాడు, అంటున్నాడు. ఆఖరుది మాత్రం లేదు.

“మిగతావి తీస్తున్నప్పుడు ఈ మానిటరు మూల ఎర్రచుక్క వెలిగింది. దీనికి వెలగలేదేమా అని అప్పుడే అనుకున్నాను” అంది ఆవిడ మెల్లిగా.

“పోయిందా? నా ఓకే షాటు పోయిందా?” ఇంటాయన గొంతు చించుకున్నాడు. “ఇదీ మీ డిజిటల్ బతుకు! దిక్కుమాలిన మిషను! మింగేసింది నా షాటుని! నువ్వు చెప్పవయ్యా కెమెరామన్, నా భార్య ముందు చెప్పు. రీలు రోజుల్లో నా షాటు ఒక్కటంటే ఒక్కటైనా ఇలా పోయిందా?”

కెమెరామన్ ఆవిడ వంక చూశాడు. ఆవిడ కళ్ళు తిప్పుకోలేదు. అతనే తల దించుకున్నాడు.

“పోలేదు బాబుగారూ. పోవడానికి, మీ షాటుకి మేమెప్పుడూ కెమెరాలో రీలెక్కించలేదు.”