కలిపిన నాన్న

పోయినవాళ్లను పిల్లల జ్ఞాపకాలతో మళ్లీ తయారుచేసి, ఇంటింటా గోడమీద మాట్లాడిస్తున్న రోజులవి. రాజమండ్రిలో వసుంధర, ఆమె చెల్లెలు చారుమతి కూడా తమ జ్ఞాపకాలిచ్చి నాన్నను చేయించుకున్నారు.

"బంగారు తల్లీ, భోంచేశావా?" అని గోడమీద నాన్న నవ్వుతూ అడిగాడు. చారుమతి మురిసిపోయింది. వసుంధరకు ఒళ్లు మండింది. చుట్టాలు వచ్చినప్పుడు తప్ప ఆయన నోట ఆ మాట వచ్చేది కాదు.

"మా అమ్మ చెయ్యి విరగ్గొట్టిన మనిషేడీ?" అని ఆమె యంత్రం బిగించడానికి వచ్చినతన్ని నిలదీసింది.

"ఇద్దరి జ్ఞాపకాలూ పోల్చి, రెండింట్లో ఉన్నవే ఉంచుతామండీ. అది మీ ఒక్కరి దాంట్లోనే ఉంది."

"అప్పటికి మా చెల్లెలు పుట్టనేలేదు!"

"ఇప్పుడవన్నీ ఎందుకక్కా? ఇలా బాగానే ఉన్నాడుగా," అంది చారుమతి.

వసుంధర చెల్లెలివంక ఏవగింపుగా చూసింది. "బట్టలకొట్లో బొమ్మ కూడా బాగానే ఉంటుంది. ఏదీ వదలకుండా ఇద్దరివీ కలపండి."

"అలా కలిపితే పొసగదండీ. ఓ పూట ముద్దుచేస్తాడు, ఓ పూట మీదికొస్తాడు. ఎప్పుడెలా ఉంటాడో మేం చెప్పలేం."

"మా అమ్మా చెప్పలేకపోయేది. ఆయనే మా నాన్న. కలపండి."

అతను కలిపాడు. గోడమీద నాన్న నోరు తెరవకముందే చారుమతి కుర్చీ వెనక్కి జరుపుకుంది.