వేరుతో సహా

"కొయ్యకండమ్మా, పీకండి."

కొడవలి పట్టుకుని పెరట్లో వంగి ఉన్న టైలరమ్మ తలెత్తి చూసింది.

గేటు అవతల ఓ మనిషి. యాభై దాటి ఉంటాయి. భుజాన ఖాళీ గోనెసంచి. రెండు చేతులూ మోచేతుల దాకా నల్లగా కమిలి, పగుళ్ళు తేలి ఉన్నాయి.

"కోస్తే పది కొమ్మలేస్తుంది. తెల్లపూలు రాకముందే వేరుతో సహా లాగెయ్యాలి. మీరు సరేనంటే నేను లాగుతాను."

ఆ ఇల్లు కొని మూడు నెలలయింది. వీధి చివర, రెండు గోడౌన్ల మధ్య ఇరుక్కున్న ఒంటరి ఇల్లు. ఇరుగూ లేదు, పొరుగూ లేదు. బేరం మొదలుకొని తాళాలు ఇచ్చేదాకా, రిజిస్ట్రేషన్‌తో సహా, అంతా అమ్మేవాళ్ళ తరఫున బ్రోకరే నడిపించాడు. నడుమెత్తు పెరిగిన వయ్యారిభామను చూపించి, "పెరడు ఎంత పచ్చగా ఉందో చూడండి" అన్నాడు గానీ అది కలుపని చెప్పలేదు.

"పేరు గొప్ప, ఊరు దిబ్బ," అంది వరండాలో కూర్చున్న అత్తగారు. "పీకనీవే. నీ నడుమైనా మిగులుతుంది."

"కూలి ఎంతయ్యా?"

"ఏమీ వద్దమ్మా."

వద్దనేసరికి టైలరమ్మకు అనుమానం పుట్టింది. ఊరికే వచ్చింది ఏదీ ఊరికే పోదని ఆమె నమ్మకం. అయినా నడుంనొప్పి అనుమానం కంటే పెద్దది. గేటు తీసింది.

అతను వారానికి రెండుసార్లు వచ్చేవాడు. వాన పడిన మర్నాడు మరీ పెందలాడే వచ్చేవాడు. నేల మెత్తబడితే వేరు తెగకుండా వస్తుందనేవాడు. పీకిన మొక్కను ఈడ్చేవాడు కాదు, దులిపేవాడు కాదు. పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి సంచిలో పెట్టేవాడు. రాళ్ళ సందుల్లో ఉప్పునీళ్ళు పోసేవాడు. బట్టలుతికే బండ వెనక, నీళ్ళతొట్టి కింద, ఎక్కడెక్కడ మొలకలు దాక్కుంటాయో చూడకుండానే చెయ్యి పెట్టేవాడు.

అతనికి మంచినీళ్ళు వేరే గ్లాసులో ఇచ్చేది టైలరమ్మ. తాగి, తనే కడిగి, గోడ మీద బోర్లించి పోయేవాడు.

ఒకరోజు వెళ్ళబోతూ ఆగాడు.

"పాపను వెనక గదిలో పడుకోబెట్టకండమ్మా. పూల కాలంలో గాలంతా ఆ కిటికీలోకే కొడుతుంది."

టైలరమ్మ చేతిలో కత్తెర ఆగింది.

"నువ్వెప్పుడూ గడప దాటలేదు కదా. మా పాప ఎక్కడ పడుకుంటుందో నీకెవరు చెప్పారు?"

అతను కడిగిన గ్లాసు గోడ మీద బోర్లించాడు. సంచి భుజానేసుకుని వెళ్ళిపోయాడు.

"ఇంటి ఆనుపానులు కనిపెడుతున్నాడే," అంది అత్తగారు. "మేకవన్నె పులి."

ఆ వారమే పాప మెడ మీద దద్దుర్లు లేచాయి. రెండ్రోజుల్లో మోచేతి మడతల్లోకి పాకాయి. పిల్ల గోక్కుంటూ ఏడుస్తుంటే టైలరమ్మ కళ్ళ ముందు ఒక్కటే ఆడింది. ఆ నల్లటి చేతులు.

మళ్ళీ అతను వచ్చేసరికి గేటుకు తాళం ఉంది.

"నీ రోగం నా బిడ్డకు అంటించావు కదయ్యా."

"ఇది అంటుకునేది కాదమ్మా. ఈ మొక్క వల్లే..."

"అంత పని లేకపోతే పోయి నీ పెరడు పీక్కో. ఒకళ్ళ ఇంటి మీద కన్నెందుకు నీకు?"

అతను గేటు చువ్వలు పట్టుకున్నాడు.

"తూర్పుగోడ వారన మిగిలింది మొగ్గ మీదుందమ్మా. ఆ కాస్తా లాగేసి పోతాను. మళ్ళీ నా మొహం మీకు చూపించను."

లోపల్నుంచి ఆమె భర్త వచ్చాడు. లారీ దిగి నిద్రపోతున్న మనిషి, ఆ చిరాకులోనే గేటు తీసి చొక్కా పట్టుకుని రోడ్డు మీదికి నెట్టాడు. చొక్కా జేబు చిరిగింది. వేలాడుతున్న జేబును అరచేత్తో అదుముకుని అతను లేచాడు. మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే వెళ్ళాడు. చూసింది మనుషుల్ని కాదు, తూర్పుగోడను.

టైలరమ్మ గేటును ఫినాయిలుతో కడిగింది. గ్లాసు పారేసింది.

గోడ వారన మొగ్గలు విచ్చాయి, నూకలు చల్లినట్టు తెల్లగా. నాలుగు వానలకు పెరడంతా మళ్ళీ నడుమెత్తు లేచింది.

రెండు నెలలకు, ఒక మధ్యాహ్నం, అన్నం తింటున్న పాపకు ఊపిరి అందలేదు. పెదాలు నీలం తిరిగాయి.

పిల్లల ఆస్పత్రిలో డాక్టరమ్మ పాప మూతికి గొట్టం పెట్టి, రెండు గంటలకు ఊపిరిని దారికి తెచ్చింది.

"ఇప్పటికి గండం గడిచింది. కానీ ఈ ఉబ్బసం అంత తేలిగ్గా వదలదమ్మా. మీ ఇంటి చుట్టూ వయ్యారిభామ ఉందా?"

"ఉంది డాక్టరుగారూ. ఒకతను వచ్చి పీకేవాడు. చేతులనిండా పుండ్లు. అంటుకుంటాయని మేమే తరిమేశాం."

రాస్తున్న పెన్ను ఆగింది.

"ఎక్కడుంది మీ ఇల్లు?"

"గోడౌన్ల మధ్యన."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"అవి అంటుకునేవి కావు. ఆ మొక్కను ముట్టుకుని ముట్టుకుని అలా అయ్యాయి. మీ ఊపిరితిత్తులు కూడా పోతాయి, ఇక దాని జోలికి పోవద్దని ఆయనకు ఎన్నిసార్లు చెప్పినా వినలేదు."

"ఆయన మీకు తెలుసా?" ఆయన అన్న మాట తన నోట రావడం టైలరమ్మకే కొత్తగా ఉంది. "ఎక్కడుంటారో చెప్పండి. కాళ్ళ మీద పడైనా తీసుకొస్తాను."

"పోయిన నెల పోయారు."

మంచం మీద పాప దగ్గింది. టైలరమ్మ పిల్ల వీపు నిమిరింది.

"మా మీద ఎందుకు ఆయనకంత..."

"తెలిస్తే మీరక్కడ కంటినిండా నిద్రపోలేరనే మీకు చెప్పి ఉండరు," అంది డాక్టరమ్మ. "మీకు ఆ ఇల్లు అమ్మింది ఆయనేనమ్మా, ఏడేళ్ళ కూతురు అందులోనే ఊపిరాడక పోయాక."