కొత్త సూది

డాక్టరు గారు ఒకరికి వాడిన సూదినే ఇంకొకరికి వాడుతున్నారని నర్సు కెజియా పై అధికారులకు చెప్పింది. ఆయన ఉద్యోగం పోయింది. సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఊరికి ఆయనంటే ప్రాణం. అప్పటి నుంచి కెజియాతో ఎవరూ మాట్లాడరు. ఆస్పత్రికి వస్తారు, మందు తీసుకుని మొహం తిప్పుకుని పోతారు.

ఈ ఉదయం డాక్టరు గారి భార్య వనజాక్షి వచ్చింది. చంకలో చిన్న కూతురు ఏడుస్తోంది. పడవల దగ్గర ఆడుకుంటూ తుప్పు పట్టిన మేకు తొక్కిందట. వరసలో కూర్చున్న ఆడవాళ్లు లేచి దారి ఇచ్చారు.

"నీ నోటి వల్ల ఆయన గడప దాటడం మానేసినాడు," అంది వనజాక్షి. "మా పొయ్యిలో నీళ్లు పోసి నువ్వు మాత్రం చల్లగా ఉండావు."

"పాపను బల్ల మీద పడుకోబెట్టండక్కా."

"నన్ను అక్కా అనొద్దు."

"బాగా అడిగినావమ్మా," అంది వెనక నుంచి ఎవరో.

కెజియా సబ్బుతో చేతులు కడుక్కుని గాయం శుభ్రం చేసింది. తల్లి కళ్ల ముందే కొత్త సూది ప్యాకెట్టు చించి ఇంజక్షన్ వేసింది. వనజాక్షి కూతుర్ని ఎత్తుకుని గుమ్మం దాకా వెళ్లింది.

కెజియా ఉండబట్టలేక అడిగింది. "నా మీద ఇంత కోపం పెట్టుకోని ఇక్కడికే ఎందుకు తెచ్చినారు? నెల్లూరు పోవచ్చు కదా."

వనజాక్షి వెనక్కి తిరగలేదు.

"నేను నెల్లూరికే పోదామన్నా. ఆయనే వినలేదు. నా బిడ్డకి సూది కెజియానే వెయ్యాలన్నాడు."