చేతిలో చెప్పులు

“చెప్పులు చేతిలో పట్టుకుని నడుస్తావేంటే! తుప్పుపట్టిన ఇనప ముక్క గుచ్చుకుందంటే కాలు తీసెయ్యాల్సొస్తుంది,” చంద్రమతి మట్టిగుట్ట మొదట్లోనే ఆగిపోయింది.

“కొత్తయి అక్కా, ఖరాబైతయ్,” అంది అనసూర్య. “జల్ది నడువు. వాచ్‌మన్ చాయ్ తాగి వచ్చేలోపల మీదికి పోవాలె.”

జ్యోతినగర్‌లో పవర్‌హౌస్ ఆఫీసర్ల క్వార్టర్ గడప దాటడానికే నలుగురు దేవుళ్లకు మొక్కుకునే మనిషి చంద్రమతి. అలాంటిది, వాకిట్లోకి ఆకుకూరలు తెచ్చే అనసూర్య వెంట ఆటో ఎక్కి కమాన్‌పూర్ దాకా వచ్చేసింది. బొగ్గు కోసం అనసూర్య వాళ్ల ఊరిని తవ్వేశారు. తవ్విన మట్టంతా ఇక్కడ పోస్తే ఇంత గుట్టయింది.

“రేపట్నుంచి చుట్టూ కంచె ఏస్తరటక్కా. ఒక్కసారి మీదికెక్కాలె. ఒక్కదాన్ని పోతే తరుముతరు. నీ అసొంటి ఆఫీసరమ్మ పక్కనుంటే ఎవ్వలేమనరు,” అని పొద్దున అనసూర్య బతిమాలితే కాదనలేకపోయింది. పైనుంచి ఊరున్న చోటు చూసుకుంటుంది కాబోలు, పాపం, అనుకుంది.

సగం ఎక్కగానే కాళ్ల కింద మట్టి జారింది. చంద్రమతి చతికిలబడింది.

“అయిపోయింది! ఇద్దరికీ ఇక్కడే సమాధి! మా అమ్మాయి విద్యకింకా పెళ్లి కూడా కాలేదే!”

“విద్య లగ్గానికి నిన్ను నేనే మోసుకపోత గని, చెయ్యియ్యి ముందు!”

మట్టి చేతులు రెండూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి. అలాగే పైకెక్కారు. ఎదురుగా పవర్‌హౌస్ పొగగొట్టాలు. డాబా ఎక్కితేనే కళ్లు తిరిగే తను, ఇంత ఎత్తు! తనలో ఇలాంటి ఆడది ఒకతి ఉందని ఇన్నేళ్లూ తనకే తెలియదు.

“ఎక్కేశానే అనసూర్యా! ఏదీ, మీ ఊరెక్కడ? ఆ గొయ్యేనా?”

అనసూర్య గొయ్యి వైపు చూడనే లేదు. సంచిలోంచి పాలసీసా తీసి, ఇక్కడ కొంచెం, అక్కడ కొంచెం మట్టిలో పోస్తోంది.

“అమ్మో, పాముపుట్టా!” చంద్రమతి వెనక్కి దూకింది.

“పాముల్లేవక్కా, ఫికర్ చెయ్యకు.” సీసా ఖాళీ అయినా అనసూర్య ఇంకా ఎక్కడో పోయాల్సినట్టు చుట్టూ వెతుక్కుంటోంది.

అప్పుడు కనిపించింది చంద్రమతికి, ఆమె మడమ నుంచి కారుతున్న నెత్తురు. కోపమూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

“చెప్తూనే ఉన్నానా! దిగేటప్పుడైనా వేసుకో!” చెప్పులు లాక్కుని ఆమె కాళ్ల ముందు పెట్టబోయింది.

అనసూర్య వాటిని నేలకు తాకనివ్వలేదు.

“వద్దక్కా. పాలు మరువని నా బిడ్డను మా చెల్క పొలం గట్టుకు బొంద పెట్టినం. ఆ మట్టి సుత తవ్వి గీన్నే పోసిన్రు. గింత గుట్టల నా పిల్ల ఏడున్నదో తెల్వకపాయె... చెప్పుల కాళ్లతోని ఎట్ల తొక్కాలె?”