స్లీపింగ్ బ్యాగులో తొండ

మంచుకొండ ఎక్కిన మనిషి ఒకడు తన స్లీపింగ్ బ్యాగును అక్కడే మరిచిపోయి దిగిపోయాడు. దాని నిండా మెత్తటి బాతు ఈకలే. "నువ్వు లేకుంటే గడ్డకట్టి చచ్చేవాణ్ణే" అని ఆ మనిషి రోజూ పొగిడేవాడు. అందుకే తనలో నిప్పుందనుకునేది బ్యాగు.

మూడు రోజులుగా ఎండ లేదు. చలికి కొయ్యబారిపోతున్న తొండ ఒకటి పాక్కుంటూ వచ్చింది.

"అన్నా, కాస్త వేడి ఇస్తావా?"

"అదెంత పని! లోపలికి దూరు."

తొండ దూరింది. బ్యాగు ఈకల నిండా గాలి పట్టి బాగా ఉబ్బింది. ఎంతసేపటికీ లోపల వెచ్చబడలేదు.

"మనిషి దూరితే ఇట్టే వెచ్చబడేదే! నీ ఒళ్లు ఇంత చల్లగా ఉందేం?" అంది బ్యాగు కంగారుగా.

"నాకు సొంత వేడి ఉంటే నీ దగ్గరికెందుకు వస్తానన్నా? ఎండ కాస్తేనే నా ఒళ్లు వేడెక్కేది."

బ్యాగుకు అప్పుడు అర్థమైంది. ఆ వేడంతా మనిషిదే. తను చేసిందల్లా దాన్ని బయటికి పోనివ్వకపోవడమే.

"తమ్ముడూ, నా దగ్గరేమీ లేదు. వెళ్లిపో" అంది.

అప్పటికే చలికి బిగుసుకుపోయిన తొండకు కాళ్లు కదలలేదు.

మర్నాడు ఎండ విరగ్గాసింది. పక్కనున్న బండరాయి కూడా వెచ్చబడింది. బ్యాగుకు వచ్చిన పని మాత్రం ఒక్కటే. ఎండను లోపలున్న తొండ దాకా రానివ్వలేదు, లోపలి చలిని బయటికి పోనివ్వలేదు.